అక్కకు మెలకువ

అక్క కనుబొమలు కాస్త దగ్గరకు వస్తే చాలు, చెల్లెలి వేలు గంట మీదికి వెళ్లేది.

మంచం కమ్మీకి ఒక తెల్ల తీగ చుట్టి ఉండేది. దాని చివర ఎర్ర బొత్తాం. అది నొక్కితే గాజు తలుపు అవతల, నర్సులు కూర్చునే బల్ల దగ్గర సన్నగా మోగేది. పెద్ద సిస్టర్ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, నోట్లో గొట్టంతో యంత్రం ఊదే గాలి పీలుస్తూ పడుకున్న మనిషిని ఒకసారి, ఆమె పక్కన స్టూలు అంచున కూర్చున్న మనిషిని ఒకసారి చూసేది.

"మళ్లీ ఏమైందమ్మా?"

"కదులుతోంది సిస్టర్. బాధగా ఉందేమో. ఇంకాస్త నిద్రపుచ్చండి."

"ఇందాకేగా ఇచ్చాను."

"చూడండి, నుదురు ఎలా ముడుచుకుందో. మీకు దండం పెడతాను."

సిస్టర్ మంచం తలవైపు నిలబెట్టిన పంపు దగ్గరకు వెళ్లేది. అందులో లావుపాటి సిరంజి ఒకటి అడ్డంగా పడుకుని ఉండేది. నిద్రమందు అందులోంచి చుక్క చుక్కగా అక్క నరంలోకి దిగుతూ ఉండేది. పేషెంటు మరీ అల్లాడితే ఒక మోతాదు పైన ఇవ్వవచ్చని డాక్టర్లు రాసి పెట్టారు. సిస్టర్ ఒక మీట నొక్కేది. కాసేపటికి అక్క నుదురు ఇస్త్రీ చేసిన గుడ్డలా సాఫీ అయ్యేది. చెల్లెలు ఊపిరి వదిలేది.

"నీ దెబ్బకి ఈ గంట అరిగిపోయేలా ఉందమ్మా," అనేది సిస్టర్ వెళ్తూ వెళ్తూ. కోపంగా కాదు. ఆ ఐసీయూలో పగటిపూట మంచానికి ఒక బంధువును కూర్చోనిచ్చేవారు. పేషెంటు గొట్టం లాగేసుకోకుండా కనిపెట్టడం, కదిలితే గంట కొట్టడం ఆ బంధువు పని. అంత శ్రద్ధగా ఆ పని చేసినవాళ్లు ఆ వార్డులో ఎవరూ లేరు.

కానీ జ్వరం దిగడంలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన చీము తగ్గడంలేదు. మందు మార్చారు, మళ్లీ మార్చారు. ప్రతి ఉదయం తీసే ఎక్స్‌రేలో కుడివైపు తెల్లటి మబ్బు అలాగే ఉంది, పైగా ఎడమవైపుకు పాకుతోంది. డాక్టర్లు మంచం దగ్గర మాట్లాడుకునే మాటలు రోజురోజుకూ పొట్టివైపోతున్నాయి.

అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే బతుకు. ఇంటి ముందుగదిలో రెండు మోటారు కుట్టుమిషన్లు ఎదురెదురుగా వేసుకుని సోఫా కవర్లు, కర్టెన్లు, బస్సు సీట్ల కవర్లు కుట్టేవారు. ఇద్దరి భర్తలూ పోయాక ఇక ఆ గదే వాళ్లకు లోకం. అక్కకు ఒక్కడే కొడుకు. బస్సు డ్రైవరు. చెల్లెలికి పిల్లలు లేరు. అక్కను వీధిలో అందరూ రేడియో అనేవారు. మిషన్ ఆగితే నోరు మొదలయ్యేది. చెల్లెలు వినేది. నవ్వాల్సిన చోట నవ్వేది.

ఇంకో విషయం. అయినవాళ్లు ఎవరు ప్రాణం విడిచినా ఆ క్షణాన చెల్లెలు గదిలో లేదు. అమ్మ పోతున్నప్పుడు వేడినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. నీళ్లు మరిగి ఇగిరిపోయేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. తన భర్త పోతున్నప్పుడు ఆసుపత్రి వరండాలో కొళాయి కింద చేతులు పెట్టుకుని కడుగుతూనే ఉంది. రెండుసార్లూ లోపల అక్కే ఉంది. "నీకు భయమైతే బయటికి పోవే, నేనున్నాగా," అనేది. ఒక్కసారి కూడా దెప్పలేదు. ఇప్పుడు ఆ మాట అనే మనిషే మంచం మీద ఉంది. చెల్లెలికి చేతనైంది ఒక్కటే, అక్కకు నొప్పి తెలియకుండా చూడటం. అందుకే గంట.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ చెల్లెల్ని, అక్క కొడుకునూ పక్కగదికి పిలిచింది. ఆక్సిజన్ సిలిండర్లు గోడకు ఆనించి పెట్టిన చిన్న గది. మూడు కుర్చీలు వేస్తే మోకాళ్లు తగులుతున్నాయి. డాక్టరమ్మ చిన్నదే, కళ్లకింద నలుపు. కొడుకు యూనిఫాంలోనే వచ్చాడు, బస్సు డిపోలో పెట్టి.

"ఒక మాట అడగాలి. నిద్రమందు తగ్గించేసి, ఆవిణ్ని మెల్లగా లేపుదామనుకుంటున్నాను," అంది.

"గొట్టం ఉండగానా?" కొడుకు లేచినంత పని చేశాడు.

"ఉండగానే."

"ఎందుకండీ? హాయిగా పడుకుంది కదా."

"హాయిగా పడుకుంది. చిక్కేమిటంటే, ఆవిడ ఒక్కతే పడుకోలేదేమో అని నా అనుమానం." డాక్టరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "మన ఒంట్లో తెల్లకణాలుంటాయి. ఊపిరితిత్తుల్లో క్రిమి కనబడగానే ఒక కణం కొన్ని రసాయనాలు వదులుతుంది. అది దాని కేక అనుకోండి. ఆ కేక అందుకుని మిగతావి పరిగెత్తుకొస్తాయి, క్రిముల్ని మింగేస్తాయి. మనం ఇస్తున్న ఈ నిద్రమందు మెదడులో కొన్ని చోట్ల అతుక్కుని అక్కడి కణాల్ని నెమ్మదింపజేస్తుంది. అతుక్కునే చోట్లు అలాంటివే తెల్లకణాల మీద కూడా ఉన్నాయి. అక్కడా అతుక్కుంటే ఆ కేక సన్నబడుతుంది. మింగడం మందగిస్తుంది."

చెల్లెలు మెల్లగా అడిగింది. "అంటే... నేను గంట కొట్టినప్పుడల్లా వాటిని కూడా నిద్రపుచ్చామా?"

"అలా అనకండమ్మా. ఇది ప్రయోగశాలలో చూశారు, ఎలుకల్లో చూశారు. మనుషుల్లో ఎంతవరకు నిజమో ఇంకా తేలలేదు. ఈ ఒక్క మందు వల్లే జ్వరం దిగట్లేదని నేను చెప్పలేను. కానీ ఇంకా ఏం మార్చగలను అని వెతుక్కుంటే నాకు మిగిలింది ఇదే. పైగా నిద్రలో దగ్గు కూడా రావట్లేదు. దగ్గితేనే కదా ఆ చీము పైకొచ్చేది."

"వేరే నిద్రమందు లేదా?" అన్నాడు కొడుకు.

"ఉంది. దాని దారి వేరు. కానీ అది గుండె వేగం తగ్గిస్తుంది. మీ అమ్మగారి గుండె అసలే నెమ్మది. నేను సాహసించలేను."

"లేస్తే ఎలా ఉంటుంది ఆవిడకి?"

డాక్టరమ్మ దాచలేదు. "నొప్పికి మందు ఆపను. కానీ గొట్టం తెలుస్తుంది. మాట రాదు. భయమేస్తుంది. చాలామంది పీకేసుకోబోతారు. అందుకని చేతులు గుడ్డతో కమ్మీలకు కడతాం."

"వద్దు," అన్నాడు కొడుకు. "పోతే పోయింది, ప్రశాంతంగా పోనివ్వండి. చేతులు కట్టేసి, మెలకువగా... ఏం పాపం చేసిందని?"

చెల్లెలికి వాడి మాటే నిజమనిపించింది. సరేనని తల ఊపబోయింది కూడా. అంతలో ఎక్స్‌రేలో ఆ మబ్బు గుర్తొచ్చింది. మంచం దగ్గర డాక్టర్ల పొట్టి మాటలు గుర్తొచ్చాయి.

"ఇలాగే నిద్రలో ఉంచితే?" అని అడిగింది.

"ఇలాగే ఉంచితే ఎక్కువ కాలం ఉండరమ్మా."

చివరికి కొడుకు మొహం తుడుచుకుని, "సరే. కానీ ఒక షరతు. అమ్మ తట్టుకోలేకపోతే వెంటనే మళ్లీ నిద్రపుచ్చాలి," అన్నాడు.

"అది ఎవరు చెప్తారు? నాకు ఇంకా చాలా మంచాలున్నాయి."

"పిన్ని చెప్తుంది. నేను రోడ్డు మీద ఉంటాను. పిన్నీ, నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. అమ్మ గురించి నీకంటే ఎవరికి తెలుసు?"

ఆ మాట చెల్లెలి భుజం మీద ఇనుప ఇస్త్రీపెట్టెలా దిగింది.

మర్నాడు ఉదయం పంపు వేగం తగ్గించారు. సిస్టర్ రెండు గుడ్డపేలికలు తెచ్చింది, కమ్మీలకు కట్టడానికి.

"కట్టకండి. నేను పట్టుకుంటాను," అంది చెల్లెలు.

"పట్టు జారితే?"

"మందపాటి రెక్సిన్ లాగి కుట్టిన చేతులు సిస్టర్ ఇవి. జారవు."

సిస్టర్ పేలికలు జేబులో పెట్టుకుంది. "నీ ఇష్టం. గొట్టం బయటికొస్తే మాత్రం నా ఉద్యోగం కూడా బయటికే."

ఎండ కిటికీ మీద సగం దాకా వచ్చేసరికి అక్క కనురెప్పలు కదిలాయి. తర్వాత కాళ్లు. తర్వాత ఒక్కసారిగా ఒళ్లంతా బిగుసుకుని ఎగిరిపడింది. యంత్రం కీచుమంది. కళ్లు తెరుచుకున్నాయి కానీ అవి ఎవర్నీ చూడటంలేదు. చేతులు గింజుకున్నాయి. చెల్లెలు రెండు గుప్పిళ్లనూ తన గుప్పిళ్లలో బిగించి, మంచానికి అదిమిపెట్టింది. "అక్కా నేనే. అక్కా నేనేనే," అంటూనే ఉంది. అక్క గొంతులోంచి శబ్దం లేదు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. చెల్లెలి చేతుల కింద ఆ వేళ్లు తన్నుకుంటున్నాయి.

చెల్లెలు తట్టుకోలేకపోయింది. మోచేత్తో గంట నొక్కింది.

"మందివ్వండి. నిద్రపుచ్చెయ్యండి సిస్టర్!"

అక్క మళ్లీ సాఫీ అయిపోయింది. సాయంత్రానికి జ్వరం ఇంకా పెరిగింది. యంత్రం ఇచ్చే ఆక్సిజన్ కూడా పెంచారు. డాక్టరమ్మ వచ్చి చూసింది. చెల్లెలి పక్కన నిలబడి, "రేపు మళ్లీ ప్రయత్నిద్దామా?" అని మాత్రం అడిగింది. "రేపటి తర్వాత బహుశా అడగను."

ఆ రెండో ఉదయం కూడా అన్నీ అలాగే జరిగాయి. రెప్పలు, కాళ్లు, ఎగిరిపడటం, యంత్రం కీచుమనడం. చెల్లెలు గుప్పిళ్లు బిగించింది. గంట తన మోచేతికి అందకుండా తీగను ముందే దూరంగా తోసేసింది. అక్క వేళ్లు మళ్లీ తన్నుకోవడం మొదలుపెట్టాయి. ఈసారి చెల్లెలు వాటిని పట్టుకునే ఉంది, ఎక్కడికీ పోలేదు, అందుకని వాటి కదలిక అరచేతికి తెలిసింది. పిచ్చిగా కొట్టుకోవడం కాదు అది. చిటికెనవేలు ఒక్కటే లేస్తోంది. పడుతోంది. లేస్తోంది.

చెల్లెలు ఆ వేలినే చూసింది.

కుట్టేటప్పుడు ఇద్దరి పెదాల మధ్యా గుండుసూదులుండేవి. నోరు తెరిస్తే సూదులు రాలతాయి. మోటారు మోతలో అరిచినా వినబడదు. అందుకని ఎన్నో ఏళ్లుగా వాళ్ల మాటలు చేతుల్లోనే ఉండేవి. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే కోసెయ్యమని. చెవి మెలిపెట్టుకుంటే గీచిగీచి బేరమాడే కస్టమరు వచ్చిందని. గుప్పిట మెల్లగా మూస్తే మిషన్ ఆపి కాసేపు పడుకుంటానని. చిటికెనవేలు లేపితే దారం అయిపోయిందని.

నిన్న కూడా ఈ వేళ్లు మాట్లాడాయి. నిన్న తను వాటి నోరు నొక్కింది. నొక్కి, నిద్రపుచ్చమంది.

చెల్లెలు తన కుడిచేతిని గొట్టానికి అడ్డంగా పెట్టి, ఎడమచేతి పట్టు వదిలింది. చచ్చేంత భయంతో వదిలింది. అక్క చెయ్యి గొట్టం వైపు పోలేదు. వణుకుతూ గాల్లోకి లేచి, చిటికెనవేలు చూపించింది.

"అయిపోయిందా? ఏమయిపోయిందే? ఓపికా?"

అక్క రెప్పలు గట్టిగా మూసి తెరిచింది. అవును.

"నాకు తెలుసే. నాకు తెలుసు. నేనిక్కడే ఉన్నాను."

యంత్రం కీచు తగ్గింది. అక్క కళ్లు ఇప్పుడు చెల్లెల్ని చూస్తున్నాయి. తర్వాత గదిని చూశాయి. పక్క మంచానికీ వీళ్లకూ మధ్య వేలాడే పచ్చ కర్టెన్ దగ్గర ఆగాయి. అక్క రెండు వేళ్లూ బలహీనంగా కత్తెరలా ఆడాయి. చెల్లెలు తిరిగి చూసింది. కర్టెన్ అంచు వంకరటింకరగా కుట్టి ఉంది, ఒకచోట మడత విప్పుకుని వేలాడుతోంది.

"అది కోసి మళ్లీ కుట్టాలా? ఓసి నీ దుంప తెగ! ప్రాణం మీదికొస్తే నీకు కర్టెన్ అంచు కావాలా?" చెల్లెలికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. శబ్దానికి లోపలికి వచ్చిన సిస్టర్ను చూసి అక్క చెయ్యి తన చెవి దాకా వెళ్లి, లోలాకు తీసేసిన తమ్మెను మెలిపెట్టబోయింది.

"ఏమంటోంది?" అంది సిస్టర్.

"మీరు... మీరు చాలా మంచివారంటోంది."

"అబద్ధం. మొహం చూస్తే తెలుస్తోంది," అంటూ సిస్టర్ గొట్టంలోకి సన్నని పైపు పెట్టి చీము లాగింది. అక్క ఒళ్లు మెలికలు తిరిగింది. అది అయ్యేసరికి ఆ కాస్త హాస్యమూ ఆమె మొహంలోంచి పోయింది. కాసేపు కళ్లు మూసుకుని ఉండి, తెరిచి, చెల్లెలి కళ్లలోకి చూస్తూ గుప్పిట మెల్లగా మూసింది.

చెల్లెలికి అర్థమైంది. అర్థం కానట్టు నటించలేకపోయింది.

"నిద్ర కావాలా?"

రెప్పలు గట్టిగా పడ్డాయి.

ఒక్క మాట చాలు. వాడు చెప్పాడుగా, పిన్నీ నువ్వు ఒక్క మాట చెప్తే చాలని. పంపు అక్కడే ఉంది, సిరంజిలో మందు ఉంది. పుట్టి బుద్ధెరిగాక అక్క అడిగింది చెల్లెలు కాదనలేదు. నల్లదారం అంటే నల్లదారం. నువ్వు బయటికి పో అంటే బయటికి.

"అక్కా, విను. నీ ఊపిరితిత్తుల్లో చీము చేరింది. దానితో నీ ఒంట్లో తెల్లకణాలు కొట్లాడాలి. ఒకదాన్నొకటి పిలుచుకోవాలి. నువ్వు పడుకుంటే వాటి నోళ్లు కూడా మూతపడుతున్నాయేమోనట. నువ్వు మెలకువగా ఉంటేనే... ఉంటే బతుకుతావేమోనట. ఏమోనే. ఖాయంగా ఎవరూ చెప్పట్లేదు."

అక్క వింది. విన్నదని చూపులోనే తెలిసింది. మళ్లీ గుప్పిట మూసింది. ఈసారి ఇంకా మెల్లగా. బతిమాలుతున్నట్టు.

"వద్దు అక్కా. నేను చెప్పను వాళ్లకి."

అక్క చాలాసేపు చూసింది. ఆ చూపు కింద చెల్లెలు ఏడేళ్ల పిల్లైపోయింది. తర్వాత అక్క అరచేయి లేచి తలుపువైపు తోసింది. పో. బయటికి పో.

చెల్లెలు లేచింది. అలవాటు కాళ్లలో ఉంటుంది కాబోలు, అవే నడిచాయి. గాజు తలుపు దాకా వెళ్లింది. పిడి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. అవతల వరండాలో కొళాయి కనిపిస్తోంది. ఎవరో గ్లాసు కడుక్కుంటున్నారు. కాసిని నీళ్లు మొహాన చల్లుకుని వస్తే ఏం పోతుందనిపించింది. వెనక యంత్రం ఊపిరి ఊదుతోంది, తీస్తోంది. పిడి వదిలేసి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి కొడుకు వచ్చాడు. తల్లి కళ్లు తెరిచి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దగ్గరకు వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా."

అక్క మొహం వాడి వైపు తిరిగింది. కళ్లలోంచి నీళ్లు జారాయి.

"పిన్నీ, ఏడుస్తోంది! చూస్తూ కూర్చున్నావా? పొద్దుట్నుంచీ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

"ఏం మనిషివి నువ్వు? రాయివా? గంట ఎక్కడ?" వాడు తీగ కోసం కమ్మీల మధ్య తడిమాడు. చెల్లెలు తీగను తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇవ్వు పిన్నీ."

"ఇవ్వను. ముందు అమ్మనే అడుగు. నిద్ర కావాలా అని అడుగు. కావాలంటే రెప్పలు గట్టిగా మూస్తుంది."

అక్క ఏం చెబుతుందో చెల్లెలికి తెలుసు. తన నోటితోనే అడిగించింది. అంతా అయిపోయింది అనుకుంది.

"అమ్మా, నిద్ర కావాలా? పడుకుంటావా?"

అక్క కొడుకు మొహం చూసింది. వాడి మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు, కాలరు దగ్గర ఊడిన గుండీ. రెప్ప వెయ్యలేదు. చెయ్యి లేపి వాడి చెంప తుడిచింది. తర్వాత అదే చేత్తో స్టీరింగ్ తిప్పినట్టు ఆడించి, తలుపువైపు చూపింది. పని చూసుకో పో.

వాడు ఆ చేతిని మొహానికి ఆనించుకుని బావురుమన్నాడు. వెళ్లేటప్పుడు, "బాగానే ఉంది కదా పిన్నీ, తట్టుకుంటోంది కదా," అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

తలుపు మూసుకోగానే అక్క చెల్లెలి వైపు తిరిగి గుప్పిట మూసింది.

కొడుకు ముందు అడగలేదు. వాడు చూసి తట్టుకోలేడని. అడిగేది తననొక్కదాన్నే. ఇన్నాళ్లూ అక్క తనకోసమని ఎవర్నీ ఏదీ అడగలేదు కదా. ఇదొక్కటే అడిగింది. చెల్లెలు ఇదే ఇవ్వనంటోంది.

"వద్దే," అంది. "నన్ను తిట్టుకో. వద్దు."

బంధువులు ఉండే వేళ దాటిపోయి సిస్టర్ వెళ్లమంది. అక్క చేతులకు ఇప్పుడు గుడ్డ కట్టక తప్పదంది. చెల్లెలు బయట బెంచీ మీద ఉండిపోయింది. లోపల ఆ చేతులు కమ్మీలకు కట్టి ఉన్నాయి, ఒక్క మాట కూడా చెప్పలేకుండా ఉన్నాయి అనుకుంటే కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది.

తెల్లవారి తలుపు తీయగానే ముందు గుడ్డముడులు విప్పింది. మణికట్ల మీద ఎర్రటి వాతలు. రుద్దింది. అక్క రుద్దనిచ్చింది, కానీ కళ్లు కలపలేదు. జ్వరం ఎంతని సిస్టర్ను అడిగితే, "తగ్గలేదు. పెరగనూలేదు," అంది. ఎక్స్‌రేలో మబ్బు అలాగే ఉందట, పాకడం మాత్రం కనబడలేదట. దానికి అర్థమేమిటని అడిగితే డాక్టరమ్మ వస్తుంది, ఆవిణ్నే అడుగు అంది.

డాక్టరమ్మ వచ్చింది. పంపు దగ్గర నిలబడి చెల్లెలి వైపు చూసింది. "మెరుగైందని చెప్పలేనమ్మా. దిగజారలేదని మాత్రం చెప్పగలను. ఈ రోజు కూడా ఇలాగే కొనసాగిద్దామా? లేకపోతే ఆవిణ్ని పడుకోనిద్దామా? మీ మాట మీద నడుస్తాను."

చెల్లెలు నోరు తెరిచింది. రాత్రంతా బెంచీ మీద సిద్ధం చేసుకున్న జవాబు ఉంది. కొనసాగించండి అని. మంచం వైపు చూసింది. ఆ మనిషి గోడవైపు తిరిగి తన గురించి ఇద్దరు మాట్లాడుకోవడం వింటోంది. నిద్రలో ఉన్నప్పుడు తన గురించి మాట్లాడుకున్నట్టే.

"నన్నడక్కండి డాక్టరమ్మా. దాన్నే అడగండి. మెలకువగానే ఉందిగా."

డాక్టరమ్మ మంచం అటువైపుకు వెళ్లి, అక్క మొహం కనబడేలా వంగింది. అదంతా మళ్లీ చెప్పింది. కణాల కేకల గురించి, ఎలుకల గురించి, తనకు తెలియని దాని గురించి కూడా. "పడుకుంటానంటే మందు పెడతాను. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. వద్దంటే ఇలాగే, ఇదే బాధ, ఎన్నాళ్లో చెప్పలేను. ఏది చేసినా బతుకుతారని మాట ఇవ్వలేను."

అక్క పైకప్పు వైపు చూస్తూ ఉంది. యంత్రం ఊదుతోంది, తీస్తోంది. సిస్టర్ పంపు మీద చెయ్యి వేసి ఎదురుచూస్తోంది. గుప్పిట మూసుకుంటుంది, ఇప్పుడే మూసుకుంటుంది, ఇక అక్క కళ్లు మళ్లీ చూడను అనుకుంది చెల్లెలు.

అక్క చెయ్యి పక్కకు వెతుక్కుంటూ వచ్చి చెల్లెలి మణికట్టు దొరికించుకుంది. దాన్ని లాగి, చూపుడు వేలితో చెల్లెల్ని చూపి, తర్వాత స్టూలును చూపి, కనుబొమలు ఎత్తింది. కుట్టుగది చేతిభాషలో ఆ మాట లేదు. అవసరం పడలేదు ఎప్పుడూ.

"ఉంటాను," అంది చెల్లెలు.

కనుబొమలు దిగలేదు. ఆ కళ్లలో పాత లెక్కలన్నీ ఉన్నాయి, వంటింట్లో మరిగిపోయిన నీళ్లతో సహా. ఈసారి అవి మర్యాద కోసమైనా దాచుకోలేదు.

"నువ్వు నమ్మకపోయినా తప్పు లేదే. నిన్న కూడా తలుపు దాకా వెళ్లాను, చూశావుగా. మళ్లీ వెళ్తానేమో. వెళ్తే తిరిగొస్తాను. ఏం జరిగినా... అది జరిగినా సరే, ఇక్కడే ఉంటాను. నీ మొహం చూస్తూనే ఉంటాను. అక్కా, నాకు చచ్చేంత భయంగా ఉందే. అయినా ఉంటాను."

అక్క కనుబొమలు కిందికి దిగాయి. అరచేతిని చాపి, అడ్డంగా ఆడించింది. వద్దు. సిస్టర్ వైపు, పంపు వైపు, మళ్లీ అడ్డంగా.

"పూర్తిగా వద్దా?" అని డాక్టరమ్మ అడిగింది. రెప్పలు గట్టిగా మూసుకున్నాయి, తెరుచుకున్నాయి.

సిస్టర్ పంపులోంచి సిరంజి ఊడదీసి, ట్రేలో పెట్టుకుని తీసుకుపోయింది. అది గుమ్మం దాటేదాకా చెల్లెలు చూస్తూనే ఉంది. ఇంతకాలం అది ఉన్నందుకే ఈ గదిలో కూర్చోగలిగింది. ఇప్పుడు తనకూ అక్క కళ్లకూ మధ్య ఏమీ లేదు.

కొంతసేపటికి అక్క ఛాతీలో ఏదో గురగురమంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. లోపలినుంచి దగ్గు కదిలి, గొట్టం దగ్గర అడ్డుపడి, మళ్లీ కదిలింది. మొహం నల్లబడింది, మెడ నరాలు తాళ్లలా లేచాయి. యంత్రం అరుస్తోంది. సిస్టర్ పైపు తీసుకుని పరిగెత్తుకొస్తోంది. చెల్లెలు స్టూలు తన్నేసి లేచింది. లేచి, అక్క వీపు కింద చెయ్యి దూర్చి పైకెత్తింది. రెండో చేతిని అక్క చేతికిచ్చింది. ఎముకలు విరిగేలా పట్టుకుంది అక్క.

"దగ్గవే," అంది చెల్లెలు, ఆ కళ్లలోకే చూస్తూ. "నేను చూస్తున్నాను. దగ్గు. ఇంకా దగ్గు."